ఇంట్లో తయారుచేసుకునే సీఎన్‌సీ యంత్రానికి స్టెప్పర్ మోటారు, డ్రైవ్ ఎంపిక: తెలుగు అక్షరాలు చెక్కే యంత్రం ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ ఇచ్చే అంకెల ప్రకారం చెక్కను, ప్లాస్టిక్‌ను చెక్కే సీఎన్‌సీ యంత్రాలను ఔత్సాహికులు ఇప్పుడు ఇళ్లలోనే తయారుచేసుకుంటున్నారు. ఈ యంత్రాలను కదిలించేవి స్టెప్పర్ మోటార్లు. వాటిని ఎంపిక చేసేటప్పుడు చాలామంది చీటీ మీద పెద్ద అక్షరాలతో ఉండే 'నిలుపుదల టార్క్' అంకెనే ప్రమాణంగా తీసుకుంటారు. ఆ అంకె ఒక్కటే సరిపోదని, చేయవలసిన పని నుండి మొదలుపెట్టి మోటారు, డ్రైవ్, విద్యుత్ సరఫరాలను ఒకే వ్యవస్థగా ఎంచుకోవాలని ఈ వ్యాసం నిరూపిస్తుంది. తెలుగు అక్షరాలను చెక్కపై చెక్కే చిన్న యంత్రాన్ని ఉదాహరణగా తీసుకొని, అవసరమైన లెక్కలను దశలవారీగా వివరిస్తుంది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు బలం, శక్తి, సామర్థ్యం, టార్క్ అనే మాటల మధ్య పాటించవలసిన భేదాన్ని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: సీఎన్‌సీ, స్టెప్పర్ మోటారు, డ్రైవ్, టార్క్, ప్రేరకత్వం, త్వరణం, సాంకేతిక తెలుగు.

1. ప్రవేశిక:

అంకెల ద్వారా యంత్రాన్ని నడిపే పద్ధతి కొత్తది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1952లోనే సంఖ్యా నియంత్రణతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. అది పరిశ్రమ కోసం రూపొందిన భారీ యంత్రం. ఆజ్ఞ ప్రకారం పనిముట్టు కదిలిందా లేదా అని అది తిరిగి కొలుచుకునేది. ఇంట్లో తయారుచేసుకునే నేటి యంత్రాలలో ఎక్కువ భాగం అలా కొలుచుకోవు. ఆజ్ఞ ఇస్తే మోటారు కదిలి ఉంటుందని నమ్ముతాయి. ధర తక్కువ కావడానికి కారణం ఆ నమ్మకమే. పని పాడైనప్పుడు ఆ సంగతి యంత్రానికి తెలియకపోవడానికి కారణం కూడా అదే.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక వైఫల్యం. ఆగస్టు 29న జరిగే తెలుగు భాషా దినోత్సవం కోసం చెక్కపై అక్షరాలు చెక్కాలని నేను, ఇంట్లో మా తమ్ముడు కలిసి ఒక చిన్న యంత్రాన్ని తయారుచేశాం. మెత్తని చెక్కపై వేసిన ప్రయోగాలన్నీ చక్కగా వచ్చాయి. అసలు పలకపై మూడు గంటల పని నడిచిన తరువాత చూస్తే, ఒక పదం మధ్యనుండి మిగిలిన అక్షరాలన్నీ దాదాపు 3 మి.మీ. పక్కకు జరిగి ఉన్నాయి. ఒత్తులు వాటి అక్షరాల కింద లేవు. యంత్రం మాత్రం పని పూర్తయిందని చూపించింది. మోటారు బలహీనమైనదా, డ్రైవ్ సరిపోలేదా, వేగం ఎక్కువైందా అనే ప్రశ్నలకు జవాబు వెదికే క్రమంలో తెలిసిన సూత్రాలను ఇక్కడ క్రమపద్ధతిలో పొందుపరుస్తున్నాను.

2. స్టెప్పర్ మోటారు స్వభావం:

సాధారణ మోటారుకు విద్యుత్తు ఇస్తే అది తిరుగుతూనే ఉంటుంది. స్టెప్పర్ మోటారు అలా కాదు. పేరుకు తగినట్టు అడుగు తరువాత అడుగు వేస్తుంది. దాని తీగచుట్టలలో విద్యుత్ ప్రవాహాన్ని ఒక క్రమంలో మారుస్తూ పోతే ఇరుసు కచ్చితమైన కోణం మేరకు కదిలి ఆగుతుంది. ఇంటి యంత్రాలలో వాడేవి ఎక్కువగా హైబ్రిడ్ రకం మోటార్లు. వీటి తిరుగుడు భాగానికి 50 పళ్లు ఉంటాయి. ఒక పంటి దూరం దాటడానికి నాలుగు పూర్తి అడుగులు పడతాయి. కాబట్టి ఒక పూర్తి చుట్టుకు 200 అడుగులు, ఒక్కొక్క అడుగు 1.8 డిగ్రీలు.

ఈ నిర్మాణం నుండి ఒక ముఖ్యమైన విషయం బోధపడుతుంది. మోయగలిగినదాని కంటే ఎక్కువ భారం పడితే మోటారు పట్టు జారి మరో పంటి వద్ద కుదురుకుంటుంది. అంటే అది తప్పే అడుగులు సాధారణంగా నాలుగు పూర్తి అడుగుల గుణిజాలలో ఉంటాయి. ఒక చుట్టుకు 8 మి.మీ. జరిగే స్క్రూ ఉన్న యంత్రంలో ఇది 0.16 మి.మీ.కు, 5 మి.మీ. జరిగే స్క్రూ ఉంటే 0.1 మి.మీ.కు సమానం. డయల్ గేజితో కొలిచినప్పుడు తేడా ఈ గుణిజాలకు సరిపోకపోతే, దోషం మోటారుది కాక వదులైన కప్లర్‌దో, స్క్రూ నట్టుదో అయ్యే అవకాశం ఎక్కువ. దోషనిర్ణయానికి ఇది ఉపకరించే సూచన.

3. పదాల స్పష్టత:

వాడుకలో "ఈ మోటారుకు పవర్ ఎక్కువ", "దీనికి బలం చాలదు" అంటాం. ఈ మాటలలో నాలుగు వేరు వేరు భావనలు కలిసిపోతున్నాయి. తెలుగు మాధ్యమ పాఠ్యపుస్తకాలు వీటిని వేరుగానే బోధించాయి. నెట్టేది లేదా లాగేది బలం. పని చేయగలిగే గుణం శక్తి. ఎంత త్వరగా పని జరుగుతుందో చెప్పేది సామర్థ్యం. ఇరుసును తిప్పే ప్రభావం టార్క్. చివరి భావనకు భ్రామకంతో కూడిన సంస్కృత సమాసాలు ఉన్నా, పనిచేసేవారి నోట 'టార్క్' స్థిరపడింది కనుక ఈ వ్యాసంలోనూ అదే వాడుతున్నాను.

మోటారు ఎంపికలో జరిగే అసలు పొరపాటు ఈ భేదాన్ని మరచిపోవడమే. నిలిచి ఉన్నప్పుడు గట్టిగా పట్టుకునే మోటారు, వేగంగా తిరిగేటప్పుడు కూడా అంతే గట్టిగా తిప్పుతుందని అనుకుంటాం. నిలిచి ఉన్న మోటారుకు టార్క్ ఉంటుంది కానీ అది చేసే పని సున్న. మనకు కావలసింది కదులుతున్నప్పటి టార్క్.

4. చీటీ మీది అంకెలను చదవడం:

మోటారును కొనేటప్పుడు కనిపించే అంకెలు ప్రధానంగా ఐదు.

అ) నీమా సంఖ్య: ఇది అమెరికాలోని విద్యుత్ పరికరాల తయారీదారుల సంఘం నిర్ణయించిన కొలత. నీమా 17 అంటే మోటారు ముఖం సుమారు 1.7 అంగుళాలు, అంటే 42 మి.మీ. నీమా 23 అంటే సుమారు 2.3 అంగుళాలు, అంటే 57 మి.మీ. ఈ సంఖ్య బిగించే కొలతను మాత్రమే చెబుతుంది. ఒకే నీమా సంఖ్య ఉన్న రెండు మోటార్ల పొడవు, టార్క్ రెండింతల తేడాతో ఉండవచ్చు.

ఆ) నిలుపుదల టార్క్: ఇరుసు కదలకుండా ఉన్నప్పుడు, తీగచుట్టలు రెండింటిలో పూర్తి ప్రవాహం ఉన్నప్పుడు మోటారు ఎంతవరకు తట్టుకోగలదో ఇది చెబుతుంది. వేగం పెరిగినకొద్దీ అందే టార్క్ దీని కంటే తగ్గుతూ పోతుంది.

ఇ) ఒక్కొక్క తీగచుట్టకు విద్యుత్ ప్రవాహం: టార్క్ సుమారుగా ఈ ప్రవాహానికి అనులోమంగా ఉంటుంది. డ్రైవ్ ఇంత ప్రవాహాన్ని ఇవ్వలేకపోతే చీటీ మీది టార్క్ అందదు.

ఈ) నిరోధం: దీనిని ప్రవాహంతో గుణిస్తే మోటారు ఓల్టేజి వస్తుంది. 0.9 ఓం నిరోధం, 2.8 ఆంపియర్లు ఉన్న మోటారుకు ఇది దాదాపు 2.5 ఓల్టులు. చూసినవారు 2.5 ఓల్టుల మోటారుకు 36 ఓల్టులు ఇస్తే కాలిపోదా అని సందేహిస్తారు. ఈ సందేహానికి 6వ భాగంలో సమాధానం ఉంది.

ఉ) ప్రేరకత్వం: దీనిని మిల్లీ హెన్రీలలో ఇస్తారు. చాలామంది చూడకుండా వదిలేసే అంకె ఇదే. వేగంగా తిరిగేటప్పుడు మోటారు ఎలా ప్రవర్తిస్తుందో నిర్ణయించేది కూడా ఇదే.

5. ఎంత టార్క్ కావాలి?

ఎంపిక మోటారు నుండి కాక పని నుండి మొదలుకావాలి. మా యంత్రం కొలతలనే తీసుకుందాం. కదిలే భాగం బరువు 8 కిలోలు. చెక్కను కోసేటప్పుడు ఎదురయ్యే బలం 50 న్యూటన్లు, పట్టాల ఘర్షణ 10 న్యూటన్లు అని అనుకుందాం. సెకనుకు సెకనుకు 0.5 మీటర్ల త్వరణం కావాలంటే 8 కిలోలకు 4 న్యూటన్లు చాలు. మొత్తం 64 న్యూటన్లు.

ఈ బలాన్ని స్క్రూ ద్వారా ఇవ్వడానికి అవసరమైన టార్క్ సూత్రం ఇది:

టార్క్ = (బలం × లీడ్) ÷ (6.28 × దక్షత)

లీడ్ అంటే స్క్రూ ఒక చుట్టు తిరిగితే నట్టు జరిగే దూరం. మేము మొదట వాడినది 8 మి.మీ. లీడ్ ఉన్న సాధారణ మరల స్క్రూ, ఇత్తడి నట్టు. దక్షత 0.5 అనుకుంటే అవసరమైన టార్క్ 0.163 న్యూటన్ మీటర్లు. మోటారు తిరుగుడు భాగాన్ని, స్క్రూను త్వరణానికి తేవడంలో జడత్వం వల్ల అదనంగా పడే భారం ఇక్కడ స్వల్పం. మొత్తం సుమారు 0.17 న్యూటన్ మీటర్లు.

మా మోటారు నీమా 17. చీటీ మీద 1.7 ఆంపియర్లకు 0.4 న్యూటన్ మీటర్లు అని ఉంది. పైపైన చూస్తే అవసరానికి రెండింతలకు మించి ఉన్నట్టే. అయితే మేము వాడిన ఏ4988 డ్రైవ్‌కు వేడిని వెదజల్లే రెక్కలు లేవు. అది వేడెక్కి ఆగిపోకుండా ప్రవాహాన్ని 1 ఆంపియర్‌కు తగ్గించి పెట్టాం. ప్రవాహంతో పాటు టార్క్ కూడా తగ్గి సుమారు 0.235కు దిగింది. అది కూడా నిలిచి ఉన్నప్పటి విలువే. చెక్కలో ఒక ముడి తగిలి కోత బలం 50 నుండి 100 న్యూటన్లకు పెరిగితే మొత్తం బలం 114 న్యూటన్లు, కావలసిన టార్క్ 0.29 న్యూటన్ మీటర్లు. ఉన్నదాని కంటే ఇది ఎక్కువ. మోటారు పట్టు జారింది. పదం మధ్యలో అక్షరాలు పక్కకు జరగడానికి కారణం ఇదే. మెత్తని చెక్కపై ప్రయోగాలు బాగా రావడానికి కారణం కూడా ఇదే.

రెండవసారి 16 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. లీడ్ ఉన్న బాల్ స్క్రూ తీసుకున్నాం. దీని దక్షత 0.9. అదే 64 న్యూటన్లకు కావలసింది 0.057 న్యూటన్ మీటర్లు మాత్రమే. అయితే ఇక్కడ జడత్వాన్ని పట్టించుకోవాలి. అర మీటరు పొడవున్న ఉక్కు స్క్రూ, నీమా 23 మోటారు తిరుగుడు భాగం కలిసి చూపే జడత్వం, 8 కిలోల కదిలే భాగం ఇరుసుపై చూపే జడత్వం కంటే దాదాపు పది రెట్లు. అంటే త్వరణం సమయంలో మోటారు శ్రమలో అధికభాగం తనను, తన స్క్రూను తిప్పుకోవడానికే ఖర్చవుతుంది. దీనికి సుమారు 0.035 కలిపితే మొత్తం 0.09 న్యూటన్ మీటర్లు. ముడి తగిలినా 0.14 దాటదు.

ఈ విలువను కనీసం రెండింతలు చేసి, అంత టార్క్ మనకు కావలసిన గరిష్ఠ వేగం వద్ద అందాలని నియమం పెట్టుకోవాలి. తిరిగి కొలుచుకోని యంత్రానికి ఈ మిగులే ఏకైక రక్షణ. అవసరానికి మించి పెద్ద మోటారును తీసుకోవడం కూడా మంచిది కాదు. పెద్ద మోటారు తిరుగుడు భాగానికి జడత్వం ఎక్కువ, తరచుగా ప్రేరకత్వం కూడా ఎక్కువ. నిలిచి ఉన్నప్పుడు దృఢంగా ఉండి, వేగం పెంచేసరికి చిన్నదాని కంటే ముందే చేతులెత్తేయవచ్చు.

నిలువు అక్షం విషయంలో మరో సంగతి ఉంది. స్పిండిల్ బరువు 3 కిలోలైతే దానిని ఎత్తి ఉంచడానికే 29 న్యూటన్లు కావాలి. బాల్ స్క్రూను భారం వెనక్కి తిప్పగలదు కనుక, విద్యుత్తు ఆగితే స్పిండిల్ కిందికి జారి పనిముట్టు పలకలో దిగబడవచ్చు. తక్కువ లీడ్ ఉన్న సాధారణ మరల స్క్రూ అలా జారనివ్వదు. దక్షత తక్కువ కావడమే అక్కడ మేలు చేస్తుంది.

6. వేగానికి ఓల్టేజి ఎందుకు కావాలి?

తీగచుట్టలో ప్రవాహం క్షణంలో పెరగదు. ప్రేరకత్వం దానిని అడ్డుకుంటుంది. మోటారు నెమ్మదిగా తిరిగేటప్పుడు ప్రతి అడుగులో ప్రవాహం పూర్తి స్థాయికి చేరడానికి వ్యవధి ఉంటుంది. వేగం పెరిగితే ఆ వ్యవధి తగ్గి, ప్రవాహం నిండకముందే తరువాతి అడుగు వస్తుంది. ప్రవాహం తగ్గితే టార్క్ తగ్గుతుంది. ఓల్టేజి పెంచితే ప్రవాహం త్వరగా నిండుతుంది. అందుకే 2.5 ఓల్టుల మోటారుకు 36 ఓల్టులు ఇస్తాం. మోటారు కాలిపోకుండా చూసేది డ్రైవ్. ప్రవాహం నిర్ణీత స్థాయికి చేరగానే అది సరఫరాను తెంపుతూ, కలుపుతూ ఆ స్థాయిని నిలబెడుతుంది. ఓల్టేజి ఎక్కువైనా మోటారులో ప్రవహించేది మనం నిర్ణయించిన ఆంపియర్లే.

టార్క్ వేగంగా పడిపోవడం మొదలయ్యే వేగాన్ని స్థూలంగా ఇలా అంచనా వేయవచ్చు:

సెకనుకు చుట్లు = ఓల్టేజి ÷ (2 × ప్రేరకత్వం × ప్రవాహం × 200)

ప్రేరకత్వం 2.5 మిల్లీ హెన్రీలు, ప్రవాహం 2.8 ఆంపియర్లు, నిలుపుదల టార్క్ 1.26 న్యూటన్ మీటర్లు ఉన్న నీమా 23 మోటారును తీసుకుందాం. సూత్రం ప్రకారం 12 ఓల్టుల వద్ద నిమిషానికి సుమారు 257 చుట్లు, 24 ఓల్టుల వద్ద 514, 36 ఓల్టుల వద్ద 771. మా యంత్రంలో చెక్కే వేగం నిమిషానికి 1200 మి.మీ., ఖాళీగా జరిగే వేగం 3000 మి.మీ. అనుకున్నాం. 5 మి.మీ. లీడ్‌కు ఇవి వరుసగా 240, 600 చుట్లు. అదే మోటారు 12 ఓల్టుల వద్ద చెక్కే వేగానికే అంచుకు చేరుతుంది, ఖాళీ కదలికలో ఆగిపోతుంది. 36 ఓల్టుల వద్ద రెండింటినీ సునాయాసంగా నిర్వహిస్తుంది. మోటారు మారలేదు. మారింది సరఫరా.

అయితే ఓల్టేజిని అపరిమితంగా పెంచరాదు. మోటారు వేడెక్కుతుంది. మిల్లీ హెన్రీలలోని ప్రేరకత్వపు వర్గమూలాన్ని 32తో గుణిస్తే వచ్చే విలువను గరిష్ఠ పరిమితిగా తీసుకోవడం ప్రచారంలో ఉన్న అనుభవ సూత్రం. మన ఉదాహరణకు అది సుమారు 50 ఓల్టులు. మోటారును వేగం తగ్గించి ఆపినప్పుడు కదిలే భాగాల శక్తి విద్యుత్తుగా మారి సరఫరా వైపు తిరిగి వస్తుంది, ఓల్టేజిని పైకి నెడుతుంది. కనుక డ్రైవ్ పరిమితికి ఆనుకొని ఉండే సరఫరాను ఎంచుకోకూడదు. 50 ఓల్టుల డ్రైవ్‌కు 36 ఓల్టుల సరఫరా క్షేమకరం.

7. డ్రైవ్ ఎంపిక:

మోటారు ప్రవాహం, ఎంచుకున్న ఓల్టేజి తెలిసిన తరువాత డ్రైవ్ ఎంపిక సులభమవుతుంది. ఔత్సాహికులు ఎక్కువగా వాడేవి ఇవి.

అ) ఏ4988: 35 ఓల్టుల వరకు, 2 ఆంపియర్ల వరకు అంటారు. రెక్కలు, గాలి లేకుండా 1 ఆంపియర్‌కు మించి ఆశించరాదు. చిన్న నీమా 17 మోటార్లకు తగినది.

ఆ) టీఎంసీ2209: 29 ఓల్టుల వరకు. నిశ్శబ్దంగా నడుస్తుంది. త్రీడీ ముద్రణ యంత్రాలకు బాగా సరిపోతుంది. 36 ఓల్టుల సరఫరాకు పనికిరాదు.

ఇ) టీబీ6600 పేరుతో దొరికే డ్రైవ్‌లు: ఇవి చవక. సుమారు 40 ఓల్టులు, 4 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. ఈ పేరుతో అమ్ముడయ్యే వాటన్నింటిలో ఒకే చిప్ ఉండదు కనుక పరిమితికి చాలా దిగువన వాడడం మంచిది.

ఈ) డీఎం542 తరహా డిజిటల్ డ్రైవ్‌లు: 20 నుండి 50 ఓల్టులు, 4.2 ఆంపియర్ల వరకు. నీమా 23 మోటార్లకు తగినవి. మధ్యస్థ వేగాలలో స్టెప్పర్ మోటార్లను వేధించే అనునాదాన్ని ఇవి చాలావరకు అణచివేస్తాయి.

డ్రైవ్ మీది స్విచ్‌ల పట్టికలో ప్రవాహానికి రెండు విలువలు ఉంటాయి. ఒకటి శిఖర విలువ, రెండవది ప్రభావిత విలువ. మొదటిది రెండవదానికి సుమారు 1.4 రెట్లు. మోటారు చీటీ ఏ విలువను చెబుతుందో తెలుసుకొని స్విచ్‌లు పెట్టకపోతే మోటారు అనవసరంగా వేడెక్కుతుంది లేదా టార్క్ కోల్పోతుంది. స్టెప్పర్ మోటారు నిలిచి ఉన్నప్పుడు కూడా ప్రవాహాన్ని తీసుకుంటుంది కనుక చేయి పెట్టలేనంత వేడి ఉండడం దోషం కాదు. ఆగినప్పుడు ప్రవాహాన్ని సగానికి తగ్గించే సదుపాయం వాడితే వేడి తగ్గుతుంది. నిలువు అక్షానికి దానిని వాడేముందు స్పిండిల్ జారదని రూఢి చేసుకోవాలి.

తీగల విషయంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. నాలుగు తీగల మోటారులో ఏ రెండు ఒక చుట్టకు చెందినవో తెలియకపోతే రెండేసి తీగల కొసలు కలిపి ఇరుసును చేతితో తిప్పాలి. బిగుతుగా అనిపిస్తే ఆ రెండూ ఒక జత. ఎనిమిది తీగల మోటారును సమాంతరంగా కలిపితే, శ్రేణిలో కలిపినప్పటి ప్రేరకత్వంలో నాలుగవ వంతే ఉంటుంది. వేగం కావలసిన యంత్రానికి సమాంతర సంధానమే మేలు. ఇక, విద్యుత్తు ఉండగా మోటారు తీగలను ఎన్నడూ ఊడదీయకూడదు. చుట్టలోని ప్రవాహం ఒక్కసారిగా తెగి పుట్టే అధిక ఓల్టేజి డ్రైవ్‌ను నాశనం చేస్తుంది.

8. సూక్ష్మ అడుగులు, పల్సుల లెక్క:

డ్రైవ్ ఒక పూర్తి అడుగును 8, 16, 32 సూక్ష్మ అడుగులుగా విభజించగలదు. దీనివల్ల కదలిక నునుపుగా ఉంటుంది, చప్పుడు తగ్గుతుంది. కచ్చితత్వం కూడా అన్ని రెట్లు పెరుగుతుందనుకోవడం పొరపాటు. 16 భాగాలు చేసినప్పుడు ఒక్క సూక్ష్మ అడుగుకు లభించే టార్క్ నిలుపుదల టార్క్‌లో దాదాపు పదో వంతు మాత్రమే. ఘర్షణ అంతకంటే ఎక్కువైతే ఇరుసు కదలదు. కొన్ని సూక్ష్మ అడుగులు పోగుపడిన తరువాతే కదులుతుంది.

ఆజ్ఞలిచ్చే నియంత్రకానికి కూడా పరిమితి ఉంది. ఆర్డునో ఊనోపై నడిచే గర్బ్ల్ అనే ప్రోగ్రాం సెకనుకు సుమారు 30,000 పల్సుల వరకు ఇవ్వగలదు. 5 మి.మీ. లీడ్, 8 భాగాలు అయితే ఒక చుట్టుకు 1600 పల్సులు, మి.మీ.కు 320. నిమిషానికి 3000 మి.మీ. అంటే సెకనుకు 50 మి.మీ. కనుక 16,000 పల్సులు చాలు. 32 భాగాలు చేస్తే 64,000 కావాలి. అది నియంత్రకం శక్తికి మించినది. పెద్ద అంకె మేలైనదనే భావన ఇక్కడ కూడా తప్పుదారి పట్టిస్తుంది.

9. తెలుగు అక్షరాల గుండ్రదనం, త్వరణం:

తెలుగు లిపి చెక్కేవారికి త్వరణం ప్రత్యేకంగా ముఖ్యం. రోమన్ పెద్దక్షరాలలో నిలువు, అడ్డు గీతలు ఎక్కువ. గీత మీద యంత్రం స్థిరవేగంతో సాగి, మూల వద్ద నెమ్మదిస్తుంది. తెలుగు అక్షరాలలో సున్నలు, వంపులు, గుండ్రని ఒత్తులు ఎక్కువ. వంపు మీద రెండు అక్షాల వేగాలూ క్షణక్షణం మారుతూనే ఉంటాయి. ఒక్క సున్న పూర్తయ్యేసరికి ప్రతి అక్షమూ రెండుసార్లు దిశ మార్చుకుంటుంది.

వంపు మీద అవసరమయ్యే త్వరణం వేగపు వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. నిమిషానికి 1200 మి.మీ. అంటే సెకనుకు 20 మి.మీ. వ్యాసార్ధం 3 మి.మీ. అయితే కావలసిన త్వరణం సెకనుకు సెకనుకు 133 మి.మీ. మనం లెక్కలో తీసుకున్న 500 మి.మీ. త్వరణంతో 0.8 మి.మీ. వ్యాసార్ధం దాకా పూర్తి వేగంతో చెక్కవచ్చు. గర్బ్ల్‌లో మొదట ఉండే త్వరణం విలువ 10 మి.మీ. మాత్రమే. దానిని మార్చకపోతే 3 మి.మీ. వంపు మీద వేగం సుమారుగా నిమిషానికి 330 మి.మీ.కు పడిపోతుంది. పనిముట్టు ఒకేచోట ఎక్కువసేపు రాసుకుని చెక్క మాడి నల్లబడుతుంది. చూసినవారు మోటారు బలహీనమని అనుకుంటారు. మార్చవలసింది ఒక్క అంకె. అయితే ఆ అంకెను పెంచే అధికారం 5వ భాగంలోని లెక్క నుండే వస్తుంది. త్వరణానికి కావలసిన టార్క్ మిగులు లేకుండా దానిని పెంచితే అడుగులు తప్పుతాయి.

10. పరీక్షించే విధానం:

లెక్క సరిపోయిందని నమ్మి అసలు పలకను పెట్టరాదు. ఒక ఆరంభ బిందువు వద్ద డయల్ గేజి నిలిపి సున్న చేయాలి. అక్షాన్ని గరిష్ఠ వేగంతో వందసార్లు ముందుకు, వెనక్కు నడిపి అదే బిందువుకు తేవాలి. గేజి మళ్లీ సున్న చూపితే వేగం, త్వరణం తగిన పరిమితిలో ఉన్నట్టు. తరువాత అడుగులు తప్పేవరకు వేగాన్ని కొద్దికొద్దిగా పెంచి, ఆ హద్దును గుర్తించి, దానిలో సగాన్ని పని వేగంగా నిర్ణయించుకోవాలి. ఇదే పరీక్షను త్వరణానికి విడిగా చేయాలి. చివరిగా, వాడబోయే గట్టి చెక్క ముక్కపైనే లోతైన కోత వేసి చూడాలి.

పెడన అద్దకంలో ఒకే నమూనాకు రంగుకొక చెక్క అచ్చు వాడతారు. ఒక అచ్చు గీత మరోదానితో కలవకపోతే బట్ట మొత్తం చెడుతుంది. చేతితో చెక్కే కళాకారుడు ఉలి జారిన మరుక్షణమే గుర్తిస్తాడు. ఇంటి సీఎన్‌సీ యంత్రానికి ఆ స్పర్శజ్ఞానం లేదు. ఎన్‌కోడర్ అమర్చిన స్టెప్పర్ మోటార్లు ఆ లోటును కొంత తీరుస్తాయి. ఇరుసు వెనుకబడితే సరిచేసుకుంటాయి, సరిచేయలేకపోతే హెచ్చరిక ఇచ్చి ఆగిపోతాయి. ఖర్చు ఎక్కువైనా, గంటల తరబడి సాగే పనులకు ఇవి తగినవి. అయితే చాలని టార్క్‌ను అవి కూడా సృష్టించలేవు.

11. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

• నీమా సంఖ్య, నిలుపుదల టార్క్ మోటారు ఎంపికకు చాలిన ప్రమాణాలు కావు. పని చేసే వేగం వద్ద అందే టార్క్ అసలు ప్రమాణం.

• ఎంపిక క్రమం పని నుండి వెనక్కు సాగాలి. ముందు కోత బలం, బరువు, వేగం, త్వరణం. తరువాత స్క్రూ లీడ్, దక్షత. ఆపైన మోటారు. దాని ప్రవాహాన్ని, ప్రేరకత్వాన్ని బట్టి డ్రైవ్, సరఫరా. చివరిగా పల్సుల లెక్క.

• తక్కువ ప్రేరకత్వం, తగినంత ఓల్టేజి ఉన్న మధ్యరకం మోటారు, తక్కువ ఓల్టేజితో నడిచే పెద్ద మోటారు కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

• తిరిగి కొలుచుకోని యంత్రంలో రెండింతల మిగులు ఆడంబరం కాదు, అవసరం.

• గుండ్రని తెలుగు లిపిని చెక్కే యంత్రంలో గరిష్ఠ వేగం కంటే త్వరణం ప్రధానం.

ఈ విషయంపై అందే సమాచారంలో అధికభాగం ఆంగ్లంలో ఉంది. పల్లెలోనో, చిన్న పట్టణంలోనో వడ్రంగం చేస్తూ ఇలాంటి యంత్రాన్ని కట్టాలనుకునే యువకుడికి ఆంగ్లపు చీటీ మీద కనిపించే పెద్ద అంకె ఒక్కటే దిక్కవుతోంది. అతడు పోగొట్టుకునేది మోటారు ధర ఒక్కటే కాదు, ఈ పని తన వల్ల కాదనే నిర్ణయానికి కూడా వస్తాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాల ద్వారా మాటలను సమకూర్చింది. ఆ మాటలతో లెక్క చేసి చూపే వచనాన్ని రాయడం తెలుగు శాఖల అధ్యాపకులు, పరిశోధకులు చేపట్టదగిన పని. 'శక్తి' అనవలసిన చోట 'బలం' అంటే కవిత్వంలో నష్టం ఉండకపోవచ్చు. యంత్రం దగ్గర మాత్రం పలక పాడవుతుంది.